చేతిలో తస్బీహ్ ఉండగానే అరిచాను

ప్రశ్న: అస్సలాము అలైకుమ్. నాకు ముప్పై ఆరేళ్లు, ఇద్దరు పిల్లలు. అయిదు పూటలా నమాజు చేస్తాను. పోయిన రంజాన్‌లో ఖుర్ఆన్ పూర్తిగా చదివాను, తహజ్జుద్ (రాత్రి నిద్ర లేచి చేసే నమాజు) మొదలుపెట్టాను, నోరు అదుపులో పెట్టుకున్నాను. ఇక మారిపోయాననే అనుకున్నాను. రంజాన్ తర్వాతి నెల షవ్వాల్ సగం గడిచేసరికి మళ్లీ పాత మనిషినే. అదే కోపం, ఫోను పట్టుకుంటే పక్కవాళ్ల గురించి అవే మాటలు. మొన్న అస్ర్ నమాజు తర్వాత తస్బీహ్ (పూసలు లెక్కపెడుతూ చేసే దైవస్మరణ) చేసుకుంటుంటే ఏడేళ్ల చిన్నవాడు లెక్కల పుస్తకం తెచ్చి భుజం తట్టాడు. రెండుసార్లు ఊరుకున్నాను. మూడోసారి అరిచాను, అనకూడని మాట అన్నాను. వాడు ఏడవలేదు. పుస్తకం మూసుకొని తలుపు పక్కన నిలబడ్డాడు. నా చేతిలో తస్బీహ్ అలాగే ఉంది. ఆ రోజు నుంచి తహజ్జుద్ మానేశాను. లోపల ఇంత చెత్త పెట్టుకొని రాత్రిపూట లేచి నిలబడటం నటన కాదా? నేను మునాఫిఖ్‌నేమో (కపటినేమో) అని భయంగా ఉంది. నావంటి మామూలు మనుషులకు ఆత్మశుద్ధి సాధ్యమేనా? దానికి ముర్షిద్ (ఆధ్యాత్మిక గురువు) ఉండి తీరాలని కొందరంటారు. నాకు అంత చదువూ లేదు, తీరికా లేదు.

సమాధానం:

వ అలైకుముస్సలామ్ వ రహ్మతుల్లాహ్.

సోదరీ, మీరు రాసినదాంట్లో రంజాన్ గురించి ఉంది, తహజ్జుద్ గురించి ఉంది, నిఫాఖ్ (కపటం) గురించి ఉంది. నా మనసు మాత్రం తలుపు పక్కన పుస్తకం మూసుకొని నిలబడిన ఆ పిల్లవాడి దగ్గరే ఆగిపోయింది. వాడి దగ్గరకు తప్పకుండా వస్తాను. ముందు మీ భయం సంగతి చూద్దాం, అది తగ్గకపోతే మిగతా మాటలు మీ చెవికెక్కవు.

హన్జలా (రజి) అని ఒక సహాబీ (ప్రవక్త సహచరుడు) ఉండేవారు. దైవప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వ సల్లమ్) దగ్గర లేఖకులుగా పనిచేసినవారిలో ఒకరు. ఒకరోజు దారిలో అబూబకర్ (రజి) ఎదురై, ‘ఎలా ఉన్నావు హన్జలా?’ అని పలకరించారు. ‘హన్జలా మునాఫిఖ్ అయిపోయాడు’ అన్నారాయన. అబూబకర్ నిర్ఘాంతపోయి, ‘సుబ్‌హానల్లాహ్, ఏమిటా మాట?’ అన్నారు. అప్పుడు హన్జలా చెప్పిన జవాబు చూడండి. ప్రవక్త సన్నిధిలో ఉన్నంతసేపూ స్వర్గనరకాలు కళ్లెదుట ఉన్నట్టే ఉంటుంది, బయటికి వచ్చి భార్యాబిడ్డలతో, పొలం పనులతో మునిగేసరికి చాలా మరిచిపోతున్నాం అన్నారు. మీరు రాసింది ఇదే కదా! పద్నాలుగు వందల ఏళ్ల క్రితం, ప్రవక్త ముఖాన్ని కళ్లారా చూసిన మనిషి నోటి నుంచి వచ్చింది. దానికి అబూబకర్ సర్దిచెప్పలేదు, మందలించనూ లేదు. ‘అల్లాహ్ సాక్షి, మా పరిస్థితీ అంతే’ అన్నారు. ఇద్దరూ కలిసి ప్రవక్త దగ్గరకు వెళ్లారు.

ప్రవక్త (స) ఏమన్నారో సహీహ్ ముస్లిం అనే హదీసు (ప్రవక్త మాటల, చేతల) గ్రంథంలో ఉంది. నా దగ్గర ఉన్నప్పటి స్థితిలోనే మీరు ఎల్లవేళలా ఉండగలిగితే మీ పడకల మీద, మీ దారుల్లో దైవదూతలు మీతో కరచాలనం చేసేవారు. ‘కానీ హన్జలా, కాసేపు అలా, కాసేపు ఇలా.’ ఈ మాటను మూడుసార్లు అన్నారు.

నేను ఈ హదీసును ఎన్నోసార్లు చదివాను. చదివిన ప్రతిసారీ ఆ మూడుసార్లు దగ్గర గుండె కుదుటపడుతుంది. రంజాన్‌లో ఉన్న మనసు షవ్వాల్‌లో ఉండకపోవడం మీ ఒక్కరి జబ్బు కాదు. మనిషి అలాగే పుట్టాడు. నిఫాఖ్ భయమంటారా, తాను ముప్పై మంది సహాబాలను చూశానని, వారంతా తమలో నిఫాఖ్ ఉందేమోనని భయపడేవారేనని ఇబ్ను అబీ ములైకా అనే తాబియీ (సహాబాల తర్వాతి తరంవాడు) చెప్పిన మాటను ఇమామ్ బుఖారీ తన గ్రంథంలో నమోదు చేశారు. కపటి తన కపటం గురించి నిద్ర పాడుచేసుకోడు. ప్రవక్త చెప్పిన మునాఫిఖ్ గుర్తులు మూడు: మాట్లాడితే అబద్ధం, మాటిస్తే తప్పడం, నమ్మి అప్పగిస్తే ద్రోహం. ఆ మూడింటినీ ఎదురుగా పెట్టుకొని చూసుకోండి, దిద్దుకోవలసింది ఉంటే దిద్దుకోండి. ‘మనసు నిలకడగా ఉండటం లేదు’ అన్నది ఆ జాబితాలో లేదు.

ఇప్పుడు ఆత్మశుద్ధి అనే మాట దగ్గరకు వద్దాం. మనలో చాలామంది దాన్ని ఒక మెట్టుగా ఊహించుకుంటారు. ఎక్కేవాళ్లు ఎక్కుతారు, తక్కినవాళ్లు కింద నుంచి చూస్తారు, ఒకసారి ఎక్కినవాళ్లు ఇక దిగరు అనుకుంటారు. మీ బాధలో సగం ఈ ఊహలోంచే వచ్చింది. ఖుర్ఆన్ ఆ బొమ్మ గీయలేదు. అష్‌షమ్స్ సూరా తెరిచి చూడండి, 91వ సూరా (అధ్యాయం), పదిహేను ఆయతులే (వాక్యాలే). సూర్యుడి మీద, చంద్రుడి మీద, పగలు మీద, రాత్రి మీద, ఆకాశం మీద, భూమి మీద, చివరికి మనిషి ఆత్మ మీద వరసగా ప్రమాణాలు చేసి అల్లాహ్ చెప్పిన సంగతి ఇది: ‘ఖద్ అఫ్లహ మన్ జక్కాహా, వ ఖద్ ఖాబ మన్ దస్సాహా.’ ఆత్మను శుద్ధిచేసుకున్నవాడు సఫలుడయ్యాడు, దాన్ని అణగదొక్కినవాడు విఫలుడయ్యాడు.

ఆ మాటల్లో మట్టి వాసన ఉంది. ‘అఫ్లహ’ అన్న మాట ధాతువులో నేలను చీల్చడం, దున్నడం అనే అర్థం ఉంది. అరబీలో రైతును ‘ఫల్లాహ్’ అంటారు. రోజుకు అయిదుసార్లు అజాన్‌లో ‘హయ్య అలల్ ఫలాహ్’ అని వింటున్నామే, ఆ ఫలాహ్ ఇదే. ‘జక్కా’ అంటే శుద్ధిచేయడమూ, పెంచడమూ. జకాత్ ఇందులోంచే వచ్చింది. ఇక ‘దస్సా’ అంటే దాచడం, మట్టిలో పూడ్చడం. ఆడబిడ్డ పుట్టిందన్న కబురు విని, ఉంచుకోవాలా, మట్టిలో కప్పెట్టాలా అని తటపటాయించే తండ్రి గురించి అన్‌నహ్ల్ సూరాలో చెప్పినప్పుడు వాడినది దీనితో చుట్టరికమున్న మాటే.

అంటే మీ ఆత్మ మీరు కడిగి తళతళలాడించి గూట్లో పెట్టుకోవలసిన గిన్నె కాదు. అది పొలం. పొలానికి పని ఎప్పుడైనా అయిపోతుందా? నిరుడు కలుపు తీశాం కదా, మళ్లీ మొలిచింది కాబట్టి నేను రైతునే కాను అని ఎవరైనా గట్టు మీద కూలబడతారా? కలుపు మొలిచింది, తీయాలి. అంతే. రంజాన్‌లో మీరు చక్కగా దున్నారు. ఆ దుక్కి వృథా పోలేదు. షవ్వాల్‌లో గడ్డి కంటపడటానికి కారణం కూడా ఆ దుక్కే. అంతకుముందు ఏళ్లలోనూ పిల్లల మీద అరిచి ఉంటారు, ఇంతగా నలిగిపోయి ఎవరికైనా ఉత్తరం రాశారా?

ఖుర్ఆన్ నఫ్స్‌ను, అంటే ఆత్మను, మూడు తీరుల్లో పేర్కొంది. చెడుకు ఉసిగొల్పే ‘అమ్మారా’ యూసుఫ్ సూరాలో, తనను తాను నిందించుకునే ‘లవ్వామా’ అల్‌ఖియామా సూరాలో, నెమ్మదించిన ‘ముత్మయిన్నా’ అల్‌ఫజ్ర్ సూరాలో వస్తాయి. వీటిలో అల్లాహ్ ప్రమాణం చేసి మరీ ప్రస్తావించినది లవ్వామాను, తప్పు చేశాక లోపల గిలగిలలాడే ఆత్మను. ఆ రోజు సాయంత్రం మీలో గిలగిలలాడినది అదే. దాన్ని శత్రువనుకొని నోరు నొక్కకండి.

ఇప్పుడు పిల్లవాడి సంగతి.

మీరు ఆ సంఘటనను ఇలా చూస్తున్నారు: నేను ఇబాదత్‌లో (ఆరాధనలో) ఉన్నాను, వాడు అడ్డొచ్చాడు, నేను ఓర్చుకోలేకపోయాను. నాకు మీ ఓర్పు కన్నా ముందు, ‘అడ్డొచ్చాడు’ అన్న ఆ చూపు దగ్గరే పేచీ ఉంది. ప్రవక్త (స) ఒకసారి నమాజు చేయిస్తూ సజ్దాను (నుదురు నేలకానించే సాష్టాంగాన్ని) చాలాసేపు పొడిగించారు. షద్దాద్ (రజి) అనే సహాబీ ఆందోళనపడి తలెత్తి చూస్తే, మనవడు తాతగారి వీపు మీద ఎక్కి కూర్చుని ఉన్నాడు. షద్దాద్ మళ్లీ సజ్దాలోకి వెళ్లిపోయారు. నమాజు అయ్యాక జనం అడిగారు, ఏదైనా జరిగిందేమో, వహీ (దైవవాణి) దిగిందేమో అనుకున్నామని. అదేమీ లేదు, నా బిడ్డ నా మీద ఎక్కాడు, వాడి ముచ్చట తీరకముందే తొందరపెట్టడం నాకు ఇష్టం లేకపోయింది అన్నారు. సజ్దా అంటే దాసుడు తన ప్రభువుకు అందరికన్నా దగ్గరగా ఉండే స్థితి. ఆ స్థితిలో, వెనక జమాత్ అంతా ఎదురుచూస్తుండగా, ఒక పిల్లవాడి ఆట పూర్తయ్యేదాకా ఆగారు. ఇంకొక సందర్భంలో, నేను నమాజును పొడిగిద్దామనే మొదలుపెడతాను, ఇంతలో పసిబిడ్డ ఏడుపు వినిపిస్తుంది, ఆ తల్లి మనసు ఎంత తల్లడిల్లుతుందో తెలుసు కాబట్టి తగ్గిస్తాను అన్నారు. మీరు తల్లి, ఆ హదీసు మీకోసం చెప్పినట్టే ఉంటుంది చదివితే.

అందుచేత ఆ సాయంత్రం మీ ముందు రెండు ఇబాదత్‌లు ఉన్నాయి. చేతిలో పూసలు ఒకటి, చేతిలో పుస్తకంతో వచ్చినవాడు ఇంకొకటి. పూసలు ఆగితే మళ్లీ మొదలుపెట్టవచ్చు. మీ ఆత్మశుద్ధి జానమాజ్ (నమాజు చాప) మీద ఎంత జరగాలో, జానమాజ్ మడిచిన తర్వాతి అయిదు నిమిషాల్లో అంతకన్నా ఎక్కువ జరగాలి. నమాజు అశ్లీలం నుంచి, చెడుల నుంచి ఆపుతుందని అల్‌అన్‌కబూత్ సూరాలో ఉంది కదా, ఆపవలసిన చోటు సలాం తిప్పిన తర్వాతే వస్తుంది.

ప్రవక్త దగ్గర అనస్ (రజి) పదేళ్లు సేవ చేశారు. చేరేనాటికి చిన్న కుర్రవాడు. ఆ పదేళ్లలో ఒక్కసారైనా నన్ను విసుక్కొని ‘ఉఫ్’ అనలేదు, ఇది ఎందుకు చేశావు, అది ఎందుకు చేయలేదు అని అడగలేదు అని ఆయన చెప్పారు. ఒకసారి ఏదో పని మీద పంపితే దారిలో ఆడుకునే పిల్లల దగ్గర నిలిచిపోయాడు. వెనక నుంచి ఎవరో మెడ పట్టుకున్నారు. తిరిగి చూస్తే ప్రవక్త (స), నవ్వుతూ. ‘చిట్టి అనస్, చెప్పిన చోటికి వెళ్లావా?’ ‘ఇదిగో వెళ్తున్నాను’ అన్నాడు. అంతటితో అయిపోయింది. పని చెప్పిన పిల్లవాడు మాట వినకుండా ఆడుకుంటుంటే మన చేయి ముందుగా ఎక్కడికి పోతుంది, మన ముఖం ఎలా మారుతుంది? సీరత్ (ప్రవక్త జీవితచరిత్ర) చదవడమంటే యుద్ధాల తేదీలు కంఠస్థం చేయడమే కాదు, ఆ నవ్వు దగ్గర కాసేపు కూర్చోవడం.

కాబట్టి మీరు చేయవలసిన మొదటి పని తహజ్జుద్ కాదు. వాడిని క్షమించమని అడగడం. పాపం రెండు రకాలు. మీకూ అల్లాహ్‌కూ మధ్య ఉండేది ఒకటి, దానికి తౌబా (పశ్చాత్తాపపడి అల్లాహ్ వైపు మరలడం) చాలు. మనిషి హక్కు కలిసినది ఇంకొకటి, అక్కడ ఆ మనిషి దగ్గరకు కూడా వెళ్లాలి. ఏడేళ్లవాడైనా మనిషే. ప్రవక్త (స) ఒకరోజు సహాబాలను, దివాలా తీసినవాడు ఎవరో తెలుసా అని అడిగారు. చేతిలో దిర్హమ్ లేనివాడు అన్నారు వారు. కాదు, ప్రళయదినాన నమాజు, రోజా (ఉపవాసం), జకాత్ అన్నీ వెంటపెట్టుకొని వస్తాడు, కానీ ఒకడిని తిట్టి ఉంటాడు, ఒకడి మీద నింద మోపి ఉంటాడు, ఒకడిని కొట్టి ఉంటాడు, వాడి పుణ్యాలన్నీ వాళ్లకు పంచిపెట్టేస్తారు, అవి చాలకపోతే వాళ్ల పాపాలు తెచ్చి వీడి మీద వేస్తారు అన్నారు. ఆ ‘ఒకడు’ వీధిలోవాడే అయి ఉండాలని ఎక్కడా లేదు. తిట్లు ఎక్కువగా పడేది ఇంట్లోవాళ్ల మీదే.

నాకు తొమ్మిదేళ్లప్పటి మాట చెబుతాను. ఒక మధ్యాహ్నం మా నాన్నగారు నన్ను చేయని తప్పుకు తిట్టారు. ఆ రాత్రి ఇషా తర్వాత నా పక్క మీదికి వచ్చి కూర్చున్నారు. ఆయన చేతులు ఇంకా వుజూ తడితో చల్లగా ఉన్నాయి. ‘మధ్యాహ్నం నిన్ను తిట్టాను. తప్పు నాది. క్షమిస్తావా?’ అన్నారు. ఏమనాలో తెలియక దుప్పటి ముఖం మీదికి లాక్కున్నాను. ఆయన చేయి దుప్పటి మీద కాసేపు ఉంది. ఆయన నాకు నేర్పిన దుఆలు ఎన్నో ఉన్నాయి, వాటిలో కొన్ని మరిచిపోయాను. ఆ తడిచేతి బరువు మరిచిపోలేదు. తౌబా అంటే ఏమిటో నేను మొదట చూసింది ఆ రాత్రే.

మీరూ అలాగే వెళ్లండి. ‘నువ్వు విసిగించావు కాబట్టి అరిచాను’ అని మొదలుపెట్టవద్దు, అది క్షమాపణ కాదు, రెండో తిట్టు. నాది తప్పు అనండి, చాలు. పెద్దరికం తగ్గిపోతుందని భయపడకండి. అమ్మకు కూడా పైన ఒక ప్రభువు ఉన్నాడని, ఆమె ఆయనకు భయపడుతుందని వాడు ఏ పాఠంలోనూ నేర్చుకోలేనంత బాగా నేర్చుకుంటాడు.

ఆ తర్వాత ఒక్క దోషం పట్టుకోండి. ఒక్కటే. మీ ఉత్తరంలో కోపం ఉంది, పరోక్ష నింద ఉంది, మనసు నిలవకపోవడం ఉంది. మూడింటినీ ఒకేసారి పీకాలని చూస్తే చేతులు బొబ్బలెక్కుతాయి, గడ్డి అలాగే ఉంటుంది. అబూజర్ (రజి) తొలినాళ్ల ముస్లిములలో ఒకరు. అంతటివారు ఒకసారి ఒక మనిషిని అతడి తల్లి పేరెత్తి కించపరిచారు. ప్రవక్త (స) ఆయనతో, నీలో ఇంకా జాహిలియ్యత్ (ఇస్లాంకు ముందటి అజ్ఞానం) మిగిలి ఉంది అన్నారు. మీ కింద పనిచేసేవారు మీ సోదరులు, మీరు తినేదే వారికి పెట్టండి, మీరు కట్టేదే వారికి కట్టబెట్టండి అని చెప్పారు. చాలాకాలం తర్వాత రబజా అనే చోట అబూజర్‌ను చూసినవారు, ఆయన ఒంటి మీద ఎలాంటి దుస్తులున్నాయో ఆయన బానిస ఒంటి మీదా అలాంటివే ఉండటం చూసి ఆశ్చర్యపడి కారణం అడిగారు. ఈ హదీసు మనకు అందింది ఆ ప్రశ్న వల్లనే. ఎక్కడ జారారో సరిగ్గా అక్కడే, కంటికి కనిపించే ఒక అలవాటుతో ఆయన ఆ దోషాన్ని దిద్దుకున్నారు. నేను మంచివాణ్ని అవుతాను అని సంకల్పం చెప్పుకొని ఊరుకోలేదు, రోజూ కట్టే బట్టల్లోకి దాన్ని తెచ్చుకున్నారు.

మీకు నేనైతే కోపాన్నే ఎంచుకోమంటాను, ఎందుకంటే దానికి బలయ్యేవారు మీ నీడన ఉన్నారు. వారం రోజులు దాన్ని మార్చాలని చూడకండి, గమనించండి. ఏ వేళ వస్తుంది, ఎవరి మీద, ఏ పని మధ్యలో, నిద్ర చాలని రోజునా, ఆకలి మీద ఉన్నప్పుడా. మీ ఉత్తరం చూస్తే అస్ర్ వేళ ఒకటి దొరికింది. పిల్లలు బడి నుంచి వచ్చే వేళ, మీ ఒంట్లో ఓపిక అడుగంటే వేళ. కోపం వచ్చాక ఏం చేయాలో ప్రవక్త (స) చాలా తేటగా చెప్పారు. నిలబడి ఉంటే కూర్చోండి, అప్పటికీ తగ్గకపోతే పడుకోండి. కోపం వస్తే మౌనం వహించండి. షైతాన్ నుంచి అల్లాహ్ శరణు వేడుకోండి. ఇవి చిన్నపిల్లలకు చెప్పే చిట్కాల్లా కనిపిస్తాయి, చేసి చూస్తే తెలుస్తుంది. నిలబడినవాడి చేయి దూరం పోతుంది, కూర్చున్నవాడిది పోదు. కుస్తీలో పడగొట్టేవాడు కాదు, కోపం వచ్చినప్పుడు తనను తాను పట్టుకోగలిగినవాడే బలవంతుడని ఆయన అన్న మాట మీకు తెలిసే ఉంటుంది. కోపమే రానివాడు అనలేదు, గమనించండి.

అన్నట్టు, కోపం తిట్టు దాటి దెబ్బగా మారుతున్నా, లేదా ఏ కారణమూ లేకుండా వారాల తరబడి మనసు చీకటిగా ఉంటున్నా, దాన్ని ఈమాన్ లోపమని లోపల దాచుకోకండి. వైద్యుడి దగ్గరకు వెళ్లండి. అల్లాహ్ దాసులారా, చికిత్స చేయించుకోండి అన్నది కూడా ప్రవక్త మాటే.

రాత్రి పడుకోబోయే ముందు అయిదు నిమిషాలు లెక్క చూసుకోండి. మీ లెక్క అడగకముందే మీరే లెక్క చూసుకోండి అని ఉమర్ (రజి) అనేవారు. దీన్ని విడమరిచి చెప్పినవారిలో ఇమామ్ గజాలీ (1058–1111) ముఖ్యులు. ఆయన నఫ్స్‌ను వ్యాపారంలో భాగస్వామితో పోల్చారు. పొద్దున్నే దానితో షరతు మాట్లాడుకోవాలి, పగలంతా ఓ కన్నేసి ఉంచాలి, రాత్రి లాభనష్టాలు చూసుకోవాలి. నాకు ఈ పోలిక నచ్చేది అందులోని నిబ్బరం వల్ల. నష్టం వచ్చిన రోజున వ్యాపారి లెక్కల పుస్తకాన్ని తగలబెట్టడు, తల గోడకు కొట్టుకోడు. ఎక్కడ పోయిందో చూసి రేపటి సరుకు సర్దుకుంటాడు. మీరూ అంతే. ‘ఈరోజు అస్ర్ వేళ గెలిచాను, అల్‌హమ్దులిల్లాహ్. మగ్రిబ్ ముందు ఓడాను, అస్తగ్‌ఫిరుల్లాహ్. రేపు పెద్దమ్మాయికి ఒక మాట చెప్పుకోవాలి.’ ఇంతకన్నా పొడుగు లెక్క వద్దు. తనను తాను గంటల తరబడి తిట్టుకోవడం వినయంలా కనిపిస్తుంది గానీ, తరచి చూస్తే ‘నేను ఇలాంటి పని చేయడమా’ అన్న అహం అందులో కాళ్లు చాపుకొని కూర్చుని ఉంటుంది.

పరోక్ష నింద గురించి ఇప్పుడు పెద్దగా చెప్పను, దాని వంతు తర్వాత వస్తుంది. ఒక్క సంగతి గుర్తుంచుకోండి. ‘ఉన్నమాటే కదా అన్నాను’ అన్నది అక్కడ చెల్లదు. ఉన్నమాట అంటే గీబత్, లేనిది అంటే అభాండం అని ప్రవక్తే (స) తేల్చి చెప్పారు. ఫోనులో మాట ఆ మలుపు తిరుగుతోందని తెలియగానే ఆ మనిషిలోని ఒక మంచి చెప్పి, మరో సంగతికి మళ్లండి. అవతలివాళ్లకు ఉపన్యాసం ఇవ్వవలసిన పని లేదు.

తహజ్జుద్ మానేశానన్నారు, నటన అవుతుందని. ఇది షైతాన్ పన్నే ఉచ్చుల్లో చాలా పాతది. మొదట పాపంలోకి దించుతాడు, తర్వాత ఆ పాపం చూపించి పుణ్యం కూడా మాన్పిస్తాడు. రెండు వైపులా వాడికే లాభం. ఫుజైల్ బిన్ ఇయాజ్ (రహ్మ) అనే మహనీయుడు జనం కోసం ఆచరణ మానేయడం కూడా ప్రదర్శనాబుద్ధే అన్నారు. అయినా మీ ఇంట్లో అందరూ నిద్రపోతుండగా చీకట్లో నిలబడినదాంట్లో చూసేవారెవరు, నటన ఎవరి కోసం? కపటానికి ప్రేక్షకులు కావాలి.

అయితే రంజాన్‌లో చేసినంత చేయవద్దు. ఒకసారి ప్రవక్త (స) మస్జిద్‌లోకి వచ్చేసరికి రెండు స్తంభాల మధ్య ఒక తాడు కట్టి ఉంది. ఏమిటిది అని అడిగితే, ఇది ప్రవక్త సతీమణి జైనబ్‌ది, నమాజులో నిలబడి అలసిపోతే దీన్ని పట్టుకొని వేలాడతారు అని చెప్పారు. విప్పేయండి అన్నారాయన. ఓపిక ఉన్నంతసేపు నమాజు చేయాలి, అలసిపోతే కూర్చోవాలి అన్నారు. ఆ తాడు విప్పేటప్పుడు అక్కడున్నవారి ముఖాలు ఎలా ఉండి ఉంటాయో అని నేను అనుకుంటూ ఉంటాను. ఇబాదత్‌కు ఆసరాగా కట్టిన తాడు కదా, మెచ్చుకుంటారనుకొని ఉంటారు. అల్లాహ్‌కు అన్నిటికన్నా ప్రీతిపాత్రమైన ఆచరణ కొద్దిదైనా ఎడతెగనిదే అని ఆయిషా (రజి) ఉల్లేఖించిన హదీసు ఉంది. రాత్రి నిలబడుతూ ఉండి తర్వాత మానేసిన ఫలానా మనిషిలా కావద్దని ప్రవక్త ఒక యువ సహాబీని హెచ్చరించారు కూడా. రెండు రకాతులు పెట్టుకోండి. తెల్లవారుజామున లేవలేకపోతే వితర్‌కు (రాత్రి చివరి నమాజుకు) ముందే చదివి పడుకోండి. నిద్ర చాలకపోతే మర్నాడు అస్ర్ వేళ ఏమవుతుందో మీకే తెలుసు. అబూదర్దా (రజి) రాత్రంతా నిలబడబోతుంటే సల్మాన్ (రజి) ఆపి, నీ ప్రభువుకు నీ మీద హక్కు ఉంది, నీ దేహానికి హక్కు ఉంది, నీ ఇంటివారికి హక్కు ఉంది, ఎవరి హక్కు వారికివ్వు అన్నారు. ప్రవక్త (స) విని, సల్మాన్ నిజం చెప్పాడు అన్నారు.

ముర్షిద్ గురించి. తెలిసిన, తగ్గి ఉండే ఆలిమ్ (ధర్మపండితుడు) ఒకరు అందుబాటులో ఉంటే అదృష్టమే, మసాయిల్ (ధర్మ విషయాలు) అడిగి తెలుసుకోండి. లేరని ఆగిపోకండి. సత్యవంతులతో ఉండండి అని అత్‌తౌబా సూరాలో ఆజ్ఞ ఉంది. విశ్వాసికి విశ్వాసే అద్దం అని హదీసు ఉంది. మీ తప్పును మీ ముఖం మీదే మెత్తగా చెప్పి, నలుగురిలో దాచే స్నేహితురాలు ఒక్కరు చాలు. డబ్బు అడిగేవారికి, తన మాటకు ఎదురు చెప్పవద్దనేవారికి దూరంగా ఉండండి.

ఇదంతా చేసినా మళ్లీ అరుస్తారు. ముందే చెబుతున్నాను. ఒక దాసుడు పాపం చేసి, ప్రభూ క్షమించు అంటాడు. క్షమించే ప్రభువు తనకున్నాడని నా దాసుడికి తెలిసింది, క్షమించాను అంటాడు అల్లాహ్. మళ్లీ చేస్తాడు, మళ్లీ అడుగుతాడు, మళ్లీ అదే జవాబు. బుఖారీ, ముస్లిం రెండింటిలోనూ ఉన్న హదీసు ఇది. పాపం చేస్తే మనసు మీద నల్లచుక్క పడుతుందని, తౌబా చేస్తే అది చెరిగి మనసు మెరుగెక్కుతుందని మరో హదీసు. చెరిపేది ఒక్కసారే అని ఎక్కడా చెప్పలేదు. మీ వంతు తిరిగి రావడం. శుద్ధిచేయడం మాత్రం చివరికి మీ చేతిలోది కాదు. అల్లాహ్ అనుగ్రహమే లేకపోతే మీలో ఏ ఒక్కరూ ఎన్నటికీ శుద్ధులయ్యేవారు కారని అన్‌నూర్ సూరా 21వ ఆయతు చెబుతోంది. అందుకే ప్రవక్త (స) కూడా దీన్ని అడిగి తీసుకునేవారు: ‘అల్లాహుమ్మ ఆతి నఫ్సీ తఖ్వాహా, వ జక్కిహా, అన్‌త ఖైరు మన్ జక్కాహా.’ అల్లాహ్, నా ఆత్మకు దాని భయభక్తులను ప్రసాదించు, దాన్ని శుద్ధిచెయ్యి, శుద్ధిచేసేవారిలో నీవే ఉత్తముడివి. అష్‌షమ్స్ సూరాలోని ‘తఖ్వాహా’, ‘జక్కాహా’ అన్న మాటలు మళ్లీ ఇక్కడ వినిపిస్తున్నాయి చూడండి. దీన్ని ఈ రాత్రే నేర్చుకోండి, సజ్దాలో అడగండి.

రేపు అస్ర్ తర్వాత వాడు పుస్తకం పట్టుకొని మళ్లీ రావచ్చు. ఒకవేళ రావడానికి జంకితే మీరే పిలవండి. తస్బీహ్ పక్కన పెట్టి, వాడిని జానమాజ్ మీదే కూర్చోబెట్టుకొని ఆ లెక్క ఏదో చూడండి. తస్బీహ్ లెక్క ముప్పై మూడులో ఎన్ని అయ్యాయో మరిచిపోతే, వాడు వెళ్లాక మళ్లీ ఒకటి నుంచి లెక్కపెట్టుకోండి.